ఒళ్ళు చల్లబడితేనే నిద్ర

మనిషి ఒంటి లోపలి వేడి రోజంతా ఒకేలా ఉండదు. సాయంత్రానికి పైస్థాయికి చేరుతుంది. చీకటి పడ్డాక మెల్లగా దిగడం మొదలుపెట్టి తెల్లవారుజామున నాలుగైదు గంటలకు అన్నిటికంటే కిందికి వస్తుంది. తేడా దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్. ఆ ఒక్క డిగ్రీ దిగకపోతే నిద్ర సరిగా పట్టదు, పట్టినా నిలవదు. నిద్ర ప్రస్తావన వస్తే మనం మనసులోని దిగుళ్ళ గురించి, సెల్‌ఫోన్ వెలుగు గురించి, కాఫీ, టీల గురించి మాట్లాడతాం. అవన్నీ నిజమే. కానీ గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పత్తి తీసి, మిరపకాయ కోసి బతికే మనిషి నిద్ర గురించి మాట్లాడాలంటే ముందు వేడి గురించి మాట్లాడాలి. ఆ మనిషి నిద్రను రాత్రి మొదటి సగంలో ఇంటి వేడి తినేస్తోంది, చివరి సగంలో పని వేళలు కోసేస్తున్నాయి. ఈ రెండూ కలిసి చేసే నష్టాన్ని మనం ఇంతవరకు లెక్కలోకే తీసుకోలేదు.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. పొద్దు ఎంతయిందో చూసుకునే జీవగడియారం, ఒంటి వేడిని అదుపు చేసే కేంద్రం, నిద్రను రప్పించే కణాలు అక్కడే ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఈ గడియారం జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. చీకటి పడగానే మెలటోనిన్ అనే హార్మోను రక్తంలో పెరుగుతుంది. దానితోపాటు అరచేతుల్లో, అరికాళ్ళలో రక్తనాళాలు విచ్చుకుంటాయి. లోపలి వేడి రక్తంతోపాటు అక్కడికి వచ్చి బయటి గాలిలోకి పోతుంది. నిద్ర వచ్చే ముందు పసిపిల్లల చేతులు, కాళ్ళు వెచ్చబడతాయని తల్లులందరికీ తెలుసు. ఒళ్ళు లోపల చల్లబడుతోందనడానికి అది గుర్తు. కాళ్ళూ చేతులూ ఎంత బాగా వెచ్చబడితే నిద్ర అంత త్వరగా పడుతుందని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు 1999లో చూపించారు.

ఈ ఏర్పాటు పనిచేయాలంటే ఒక షరతు ఉంది. బయటి గాలి చర్మం కంటే తగినంత చల్లగా ఉండాలి. చర్మం వేడి సుమారు 33 నుంచి 35 డిగ్రీలు ఉంటుంది. గదిలో గాలి 32 డిగ్రీల దగ్గర నిలిచిపోతే లోపలి వేడికి పోయే దారి దాదాపు మూసుకుపోతుంది. ఇక మిగిలేది చెమట. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. కారిపోతే లాభం లేదు. ఒంగోలు, చీరాల, బాపట్ల వైపు సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు. మాచర్ల, మార్కాపురం, రెంటచింతల వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట ఆరుతుంది, కానీ అక్కడ ఎండే మరీ ఎక్కువ. రాష్ట్రంలో ఎండలు మండాయని వార్త వచ్చిన ప్రతిసారీ రెంటచింతల పేరు వినిపించేది ఊరికే కాదు. అంటే ఈ నేల మీద తూర్పున ఒక రకంగా, పడమర మరో రకంగా నిద్ర చెడుతోంది.

నిద్ర అంతా ఒకటే నిద్ర కాదు. దాదాపు గంటన్నరకు ఒక ఆవృతం చొప్పున రాత్రికి నాలుగైదు ఆవృతాలు నడుస్తాయి. మొదటి రెండు ఆవృతాల్లో గాఢనిద్ర ఎక్కువ. అప్పుడు మెదడు తరంగాలు పెద్దవిగా, నెమ్మదిగా సాగుతాయి. గుండె వేగం తగ్గుతుంది. రక్తపోటు పగటికంటే పది నుంచి ఇరవై శాతం దిగుతుంది. గుండెకూ రక్తనాళాలకూ రోజు మొత్తంలో దొరికే విశ్రాంతి అదే. పెద్దవాళ్ళలో రోజంతటికీ పెద్ద మోతాదులో గ్రోత్ హార్మోను విడుదలయ్యేది కూడా ఈ తొలి గాఢనిద్రలోనే. పిల్లల్లో ఎదుగుదలకు తోడ్పడే ఆ హార్మోనే పెద్దల్లో అరిగిన కండను సరిచేసే పనికి ఉపయోగపడుతుంది. పగలంతా నడుం వంచి కాయ కోసిన మనిషికి ఈ గంటలు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. రాత్రి గడిచేకొద్దీ గాఢనిద్ర తగ్గి రెమ్ నిద్ర పెరుగుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో దీన్ని బయటపెట్టారు. మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతుంటాయి, కలలు దట్టంగా వస్తాయి, కాళ్ళూ చేతులూ కదలకుండా కండరాలు బిగువు కోల్పోతాయి. ఉద్వేగాలు సర్దుకోవడానికీ, జ్ఞాపకాలు కుదురుకోవడానికీ ఈ దశకు సంబంధం ఉంది. మన వాదనకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. రెమ్ నిద్రలో ఒంటి వేడిని అదుపు చేసే యంత్రాంగం చాలావరకు పనిమానేస్తుంది. చెమట సరిగా పట్టదు, చలికి వణుకు రాదు. చుట్టూ వేడి ఎక్కువగా ఉంటే ఆ దశలో ఉండటం శరీరానికి ప్రమాదం, అందుకే అది మనిషిని లేపేస్తుంది. వేడి రాత్రుల్లో ఊరికే మెలకువ వస్తోందని అనుకుంటాం. నిజానికి శరీరం తనను తాను కాపాడుకోవడానికే అలా మేలుకొలుపుతోంది.

నిద్రలో మెదడులోని వ్యర్థాలు కడుక్కుపోతాయన్న మాట ఈమధ్య పత్రికల్లో బాగా తిరుగుతోంది. 2013లో ఎలుకల మీద జరిగిన ప్రసిద్ధ పరిశోధన దానికి ఆధారం. 2024లో మరో బృందం, అదీ ఎలుకల మీదే, నిద్రలో ఆ శుభ్రత పెరగకపోగా తగ్గుతోందని చూపింది. తగవు తేలలేదు. తేలని దాని మీద వాదన నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. నిద్రకు ఒంటి చల్లదనం అవసరమన్న విషయంలో అలాంటి తగవు లేదు. ప్రయోగశాలల్లో ఎన్నిసార్లు కొలిచినా ఒకే ఫలితం వచ్చింది: వేడిలో పడుకున్నవారిలో గాఢనిద్ర, రెమ్ నిద్ర రెండూ తగ్గుతాయి, మెలకువలు పెరుగుతాయి, తేమ తోడైతే మరీ ఘోరం. ఆ వేడి రాత్రి చివరి భాగంలో కంటే మొదటి భాగంలో తగిలితే నష్టం ఎక్కువని జపాన్ పరిశోధకులు గమనించారు.

ఇక్కడ మిరపకాయ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతం పండించేదీ అదే, తినేదీ అదే. మిరపలోని కాప్సైసిన్ నాలుక మీద ఏ గ్రాహకాన్ని తాకుతుందో, నిజమైన వేడిని పసిగట్టేది కూడా ఆ గ్రాహకమే. దాన్ని గుర్తించినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కారం తింటే మంట పుట్టిందనడం కవిత్వం కాదు, నరాలకు అందిన సమాచారమే అది. ఆస్ట్రేలియాలో 1992లో ఆరుగురు యువకులకు రాత్రి భోజనంలో కారం సాస్, ఆవాల ముద్ద పెట్టి చూశారు. తొలి ఆవృతంలో వారి ఒంటి వేడి పెరిగింది, గాఢనిద్ర తగ్గింది, నిద్ర పట్టడానికి ఎక్కువసేపు పట్టింది. ఆరుగురి మీద జరిగిన చిన్న పరిశోధన ఇది. పైగా వాళ్ళు పుట్టినప్పటినుంచీ గొడ్డుకారం తిన్నవాళ్ళు కారు. గుంటూరువారు రాత్రి పండుమిరప పచ్చడి మానేయాలని దీన్నిబట్టి ఎవరూ చెప్పలేరు. కానీ దారి అదే: లోపలి వేడి పెరిగితే గాఢనిద్ర తగ్గుతుంది, ఆ వేడి కంచంలోంచి వచ్చినా ఇంటి కప్పులోంచి వచ్చినా.

కప్పు విషయానికొస్తే, పగలంతా నలభైకి పైగా ఎండ తాగిన సిమెంటు శ్లాబు రాత్రి పది దాటినా కుంపటిలా సెగ కక్కుతుంది. శరీరం చల్లబడాల్సిన వేళా, తొలి గాఢనిద్ర పట్టాల్సిన వేళా అదే. రేకుల ఇల్లు త్వరగానే చల్లబడుతుంది గానీ అంతవరకు లోపల నిలవలేం. తాటాకు కప్పు ఇంత వేడి దాచుకునేది కాదు. అగ్గి భయం, వాన భయం దాన్ని వదిలించాయి. ఆ నిర్ణయం తప్పు కాదు, కానీ దానితో పోయిన చల్లదనానికి బదులు ఏదీ రాలేదు. వాకిట్లో నులకమంచం వేసుకుంటే కింద నుంచి కూడా గాలి ఆడేది, పైన తేటగా ఉన్న ఆకాశంలోకి ఒంటి వేడి పోయేది. ఇప్పుడు వాకిళ్ళు ఇరుకయ్యాయి, దోమలు పెరిగాయి, ఆడవాళ్ళకు ఆరుబయట నిద్ర అంత నిబ్బరంగా లేదు. ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి, వచ్చే కుటుంబాలది ఇంకో పరిస్థితి. పత్తి తీతలకు, మిరప కోతలకు నెలల తరబడి వచ్చి, చేను గట్టున టార్పాలిన్ పట్టలతో వేసుకున్న గుడారాల్లో పిల్లలతో సహా ఉంటారు. పత్తి తీసే చలికాలంలో రాత్రి చల్లదనం వాళ్ళకు అందుతుంది. మిరప కోతలు మార్చి, ఏప్రిల్‌కు సాగితే అదీ పోతుంది.

2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. గట్టిగా దెబ్బతిన్న జిల్లాల్లో ప్రకాశం, గుంటూరు ఉన్నాయి. ఆ రోజుల్లో పత్రికలన్నీ మధ్యాహ్నపు ఎండ గురించి రాశాయి. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో దాదాపు పదిహేను వేలమంది వేడికి బలైనప్పుడు మాత్రం పరిశోధకులు రాత్రులను కూడా పరిశీలించారు. పారిస్‌లో వరసగా వచ్చిన వేడి రాత్రులకూ వృద్ధుల మరణాలకూ గట్టి సంబంధం కనిపించింది. పగలు దెబ్బతిన్న శరీరం రాత్రి కోలుకోలేకపోతే మర్నాటి ఎండకు తట్టుకోలేదు. మన వాతావరణ శాఖకు కూడా వేడి రాత్రి అన్న కొలత ఉంది: పగలు 40 డిగ్రీలు దాటి, రాత్రి కనిష్ఠం మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలకు మించి ఎక్కువగా ఉంటే దాన్ని అలా ప్రకటిస్తారు. అయితే ఇది మామూలుకంటే ఎంత ఎక్కువ అని చూసే కొలత. మే నెలలో మామూలు రాత్రే 28 డిగ్రీలు ఉండే చోట, అసాధారణం కాని రాత్రి కూడా నిద్రను చెడగొట్టగలదు. 68 దేశాల్లో 47 వేలమంది చేతికి కట్టుకున్న పట్టీల నుంచి 70 లక్షల రాత్రుల నిద్రను లెక్కగట్టిన పరిశోధన 2022లో వచ్చింది. రాత్రి ఉష్ణోగ్రత 30 దాటినప్పుడు నిద్ర సగటున 14 నిమిషాలు తగ్గింది. నష్టం వృద్ధులకు, స్త్రీలకు, పేద దేశాలవారికి ఎక్కువగా ఉంది. ఆ పట్టీలు కొనుక్కోగలిగినవారు ఎక్కువమంది ఫ్యాన్లూ ఏసీలూ ఉన్నవారే అయి ఉంటారు. కాబట్టి గుడారంలో పడుకునే కూలీకి జరిగే నష్టం ఆ సగటుకంటే ఎక్కువే ఉంటుందని అనుకోవడం న్యాయం.

ఇక రాత్రి రెండో చివర. కోతల కాలంలో కూలీల ముఠాను ఎక్కించుకునే ఆటో చీకటి ఉండగానే ఊళ్ళో ఆగుతుంది. దానికి ముందే ఆడమనిషి లేచి, వాకిలి ఊడ్చి, వంట చేసి, పిల్లలకు ఉంచి, తనకు క్యారేజీ కట్టుకోవాలి. ఒంటి వేడి అట్టడుగుకు చేరే ఘడియ, గది కూడా ఎట్టకేలకు చల్లబడిన ఘడియ, రెమ్ నిద్ర దట్టంగా ఉండే ఘడియ ఒక్కటే. ఆమె లేచేది ఆ ఘడియలోనే. ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని మనం సూటిగా ఎదుర్కోవాలి. వడగాలుల హెచ్చరిక వచ్చినప్పుడల్లా మధ్యాహ్నపు ఎండలో ఉండవద్దని విపత్తుల నిర్వహణ సంస్థ చెబుతుంది. ఆ సలహా సరైనదే, ప్రాణాలు కాపాడుతోంది. ఉపాధి హామీ పనులు కూడా వేసవిలో పొద్దున్నే మొదలుపెడతారు. కానీ పని పగటినుంచి తెల్లవారుజాముకు జరిగిన కొద్దీ నిద్రలో అంత మేర తెగిపోతుంది. ఎండనుంచి కాపాడినంత మాత్రాన మన బాధ్యత తీరలేదు. తెల్లవారుజామున తీసుకున్న నిద్రను మధ్యాహ్నం తిరిగి ఇవ్వాలి.

ఇది విని పల్లెలో ఎవరైనా మొదట అనే మాట, మాకు అలవాటే అని. అలవాటు ఎంతవరకు నిజమో కొలిచి చూశారు. ఫ్రెంచి పరిశోధకులు కొందరు యువకులను వరసగా ఐదు రోజులు 35 డిగ్రీల వేడిలో ఉంచారు. శరీరం వేడికి సర్దుకుంది, నిద్ర మాత్రం సర్దుకోలేదు. ఐదో రాత్రి కూడా తెగుతూనే ఉంది. నిద్ర తక్కువకు అలవాటు పడటం సంగతి కూడా ఇంతే. అమెరికాలో 2003లో వెలువడిన పరిశోధనలో ఆరోగ్యవంతులను రెండు వారాలపాటు రాత్రికి ఆరేసి గంటలే పడుకోనిచ్చారు. రెండో వారం చివరికి వారి ఏకాగ్రత పూర్తిగా నిద్రలేకుండా గడిపినవారి స్థాయికి దిగజారింది. కానీ అడిగితే నిద్రమత్తు పెద్దగా లేదనే చెప్పారు. నిద్ర లేమి తెచ్చే మొదటి నష్టం తన నష్టాన్ని తాను గుర్తించలేకపోవడం. 1999లో మరో ప్రయోగంలో పదకొండుమంది యువకులు ఆరు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోతే, రక్తంలోని చక్కెరను సర్దుకునే వేగం వారిలో దాదాపు నలభై శాతం పడిపోయింది. ఊరూరా షుగరు మాత్రలు అమ్ముడవుతున్న కాలంలో ఈ అంకెను తేలిగ్గా తీసుకోకూడదు.

మన తాతలు మాత్రం ఎనిమిది గంటలు పడుకున్నారా అని మరో ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. టాంజానియాలోని హడ్జా, ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని సాన్, బొలీవియాలోని చిమానే అనే మూడు తెగల నిద్రను కొలిచిన పరిశోధన 2015లో వచ్చింది. కరెంటు లేదు, ఫోను లేదు, అయినా వారు నిద్రపోయేది రాత్రికి ఐదు గంటల నలభై నిమిషాల నుంచి ఏడు గంటల దాకానే. అయితే ఆ పరిశోధన బయటపెట్టిన ఇంకో విషయం నా వాదనకు గట్టి సాక్ష్యం. వారు పొద్దుగూకగానే పడుకోరు; మూడు గంటలు దాటాక, గాలి చల్లబడుతుండగా పడుకుంటారు. ఉష్ణోగ్రత అట్టడుగుకు చేరేదాకా నిద్రపోతారు. వెలుతురుకంటే చల్లదనమే వారి నిద్రకు కొలత. గంటలు తక్కువైనా ఆ గంటలు చల్లటి గంటలు, తెగని గంటలు. ఎనిమిది అనే అంకెకు మొక్కాల్సిన పని లేదు. ఆరున్నర గంటలైనా ఒళ్ళు చల్లబడే వేళలో పడి ఉండాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మన పక్కనే ఉన్న చెన్నై నుంచి వచ్చింది. 452 మంది తక్కువ ఆదాయపు పనివారి మీద అక్కడ జరిగిన ప్రయోగం 2021లో ప్రచురితమైంది. వాళ్ళు పడకమీద ఎనిమిది గంటలు ఉన్నా నిద్రపోయేది ఐదున్నర గంటలే. కంటిగంతలు, చెవిలో పెట్టుకునే బిరడాలు, మంచి పరుపులు, ఫ్యాన్లు, సలహాలు ఇస్తే నిద్ర రాత్రికి 27 నిమిషాలు పెరిగింది. కానీ పని సామర్థ్యం, ఏకాగ్రత, సంపాదన ఏవీ మెరుగుపడలేదు. మరి నిద్ర పెంచి ఏం లాభం? ఫలితాన్ని జాగ్రత్తగా చూడాలి. పెరిగిన అరగంట కూడా తెగుతూ సాగిన నిద్రే. ఆ పనివారిలోనే కొందరికి పనిచోట మధ్యాహ్నం అరగంట కునుకు తీసే వీలు కల్పించారు. అది చల్లగా, ప్రశాంతంగా ఉన్నచోట పట్టిన నిద్ర. అరగంటలో వాళ్ళు నిజంగా నిద్రపోయింది కొద్ది నిమిషాలే అయినా, ఊరికే విరామం తీసుకున్నవారికంటే పనిలో చురుకుదనం, శ్రద్ధ, మనసు నెమ్మది పెరిగాయి. నిద్ర గంటలను ఊరికే పెంచితే చాలదనీ, నిద్ర పట్టే చోటు బాగుండాలనీ నేను దీన్ని అర్థం చేసుకుంటున్నాను. అదే ప్రయోగంలో మరో నిజం కూడా ఉంది: కునుకు తీసిన వేళ పని పోయింది కాబట్టి, ఆపకుండా పనిచేసినవారితో పోలిస్తే ఆ రోజు రాబడి తగ్గింది. కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషికి నీడన కన్ను మూయడమంటే డబ్బు పోగొట్టుకోవడమే. ఆమెను పడుకోమని చెప్పే ముందు ఆ అరగంట కూలి ఎవరు భరిస్తారో చెప్పాలి.

ఏసీలు పెట్టుకుంటే పోతుందనేవారికి జవాబు చిన్నది. ఏసీ కొనగలిగినవారు కొనుక్కుంటున్నారు. గుడారానికి ఏసీ పెట్టలేం. పెద్ద ఖర్చు లేనివి ముందు చేయొచ్చు. ఎండాకాలం ముందు శ్లాబు మీద సున్నం తెల్లగా కొడితే పగటి వేడి చాలా మేర లోపలికి దిగకుండా తిరిగి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమే ప్రకటించింది. పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేస్తే చర్మంలో రక్తనాళాలు విచ్చుకుని లోపలి వేడి బయటికి పోతుంది. దోమతెర ఉంటే నులకమంచం మళ్ళీ డాబా మీదికి ఎక్కొచ్చు. పంపుసెట్లకు పగలే కరెంటు ఇవ్వాలని రైతులు ఏళ్ళ తరబడి అడిగింది కొంత నిద్ర కోసం కూడా. చీకట్లో మోటారు వేయడానికి వెళ్ళి పాము కాటుకో, కరెంటు షాక్‌కో చనిపోయినవారి లెక్క మనకు తెలుసు. ఆ రాత్రుల్లో పోయిన నిద్రను ఎవరూ లెక్కపెట్టలేదు. పగటి కరెంటును ఎవరు అధికారంలో ఉన్నా వెనక్కి తీసుకోకూడదు.

వేసవి ముదిరాక గుంటూరు మిర్చి యార్డుకు ఏటా సెలవులిస్తారు. టిక్కీలు (మిరప బస్తాలు) మోసే హమాలీలకూ, వ్యాపారులకూ ఆ ఎండలో పని సాగదని అందరూ ఒప్పుకున్నారు కాబట్టే ఆ ఏర్పాటు నిలిచింది. ఆ కాయను చేలో కోసే మనిషికి కూడా అలాంటి ఏర్పాటు కావాలి. కోతలు పెట్టుకున్న రైతు చేను దగ్గర పందిరి వేసి, మంచినీళ్ళు ఉంచి, భోజనమయ్యాక గంటసేపు పడుకోనివ్వాలి. ఆ గంటకు కూలి తెగకుండా కిలో రేటును ముఠా మేస్త్రితో ముందే మాట్లాడుకోవాలి. మిరప ధర పడిపోయిన ఏడు రైతుకు ఇది భారమే, కాబట్టి ఆ పందిరి ఖర్చునూ, సుగ్గి కుటుంబాలకు చల్లటి షెడ్లనూ జిల్లాల వేసవి ప్రణాళికల్లో చేర్చాలి. రాత్రి 28 డిగ్రీలకు దిగని ప్రతి రోజునూ, పగలు 45 దాటిన రోజుతో సమానంగా, హెచ్చరిక రోజుగా ప్రకటించమని కలెక్టర్లను అడగాలి. వచ్చే ఫిబ్రవరిలో కోతలు మొదలయ్యేలోగా అడగాలి.